బియ్యం బండికి అడ్డం నిలిచిన బాలమణి

బన్సీలాల్‌పేట్ బస్తీ ఆహార మండలికి ప్రాణప్రదమైన బాలమణి గారు సోమవారం ఉదయం ఆస్పత్రిలో కన్నుమూశారు. తలపై ఇనుపరాడ్డు దెబ్బ తిని, పదకొండు రోజులు మృత్యువుతో పెనుగులాడిన ఆ దేహం ఓడిపోయింది. వార్త వినగానే దిగ్భ్రాంతుణ్ణయ్యాను. చేతిలోని తూకపు రాయి జారి పాదంపై పడి గోరు ఊడింది. ఆ నొప్పికే ఏడుస్తున్నానని పక్క దుకాణదారు అనుకున్నాడు. నేనూ అలాగే అనుకోనిచ్చాను. ‘గారు’ అంటే ఆమె కసురుకునేది. కనుక ఇక అక్క అనే రాస్తాను.

ఏళ్ల తరబడి బడిపిల్లలకు అన్నం వండిన అక్క, రేషన్ బియ్యం బస్తీకి చేరకుండానే మాయమవుతున్నాయని గ్రహించి మండలిని నెలకొల్పింది. అంగన్‌వాడీ టీచరు, తోపుడుబండ్ల కూరగాయలవాళ్లు, రేషన్ డీలరు, కిరాణా వ్యాపారులు అందరూ అందులో సభ్యులే. యంత్రంపై వేలిముద్ర పడక వట్టి చేతులతో తిరిగిపోయే వృద్ధుల ఇళ్లకు డీలరునే నడిపించుకెళ్లి బియ్యం ఇప్పించేది. మండలికి ఒక నియమం ఉండేది: ముందు ఆ నెల రేషన్ బియ్యం వండాలి, ఆ అన్నం తిన్నవాడే సభలో నోరు విప్పాలి.

మండలి వంటలకు పప్పు సరఫరా నాకు దక్కుతుందేమోనన్న పరమార్థంతో రాంగోపాల్‌పేట్‌లోని నా కిరాణా కొట్టు నుంచి నేనూ మొదటి సభకు వెళ్లాను. పళ్లెంలో పురుగు కనబడగానే ఉపవాసమన్నాను.

“ఏందీ సేటూ, గీ అన్నం జూడంగనే దేవుడు యాదికొచ్చిండా? తిను. లేకుంటె నోర్మూసుకోని కూసో.”

నోరు మూసుకోవడం మా వంశంలో లేదు. తిన్నాను.

ఆమె సాధుశాంతమూర్తి అని రాస్తే అబద్ధమవుతుంది. తూకంలో మోసం పట్టుబడిన రోజున డీలరు కాటాను రాయితో పగలగొట్టింది. అతడు జుట్టు పట్టి ఈడ్చాడు. ఆమె అతడి ముంజేతిని నెత్తురొచ్చేలా కొరికింది. మర్నాడు తానే పసుపు తీసుకెళ్లి ఆ గాయానికి కట్టు కట్టింది. “తూకం సక్కగ జెయ్, కట్టు సుత సక్కగ కడ్త” అన్నదట. ఆనాటి నుంచి ఆ డీలరు మా పక్షానికి వచ్చాడు. బియ్యాన్ని గోదాము దగ్గరే గుట్టుగా కొని తరలించే దళారి మాత్రం పగబట్టాడు.

గురువారం పొద్దున దళారి ట్రాలీ ఆటోను మా దుకాణం ముందు ఆపాలని మండలి రహస్యంగా తీర్మానించింది. నాలోని బేరగాడు ఊరుకుంటాడా? కొట్లాట ఎందుకు, సగం సంచులు దింపించేస్తే సరిపోదా అని, ఎవరికీ చెప్పకుండా దళారి దగ్గరికి వెళ్లాను. “సగం వదిలెయ్, గురువారం నీ బండికి ఎవ్వరూ అడ్డం రారు” అన్నాను. “ఫికర్ జెయ్యకు సేటూ, నేను చూస్కుంట” అంటూ చాయ్ తాగించాడు. బేరం కుదిరిందని మురిసిపోతూ ఇంటికి వచ్చాను.

గురువారం ట్రాలీ వెనకే రాడ్లు పట్టుకుని ముగ్గురు వచ్చారు. “సంచులు దించుండ్రి! ముసలోళ్ల నోటికాడి కూడురా ఇది!” అంటూ అక్క అడ్డం నిలిచింది. మొదటి దెబ్బకు భుజం వాలిపోయింది. రెండో చేత్తో రాడ్డు పట్టుకుంది. రెండో దెబ్బ నడినెత్తిన పడింది. చినిగిన సంచిలోంచి జారిన బియ్యం ఎర్రబడ్డాయి. కూరగాయల ఆడవాళ్లు రాళ్లతో బండి అద్దాలు పగలగొట్టారు. ఒకడి పళ్లు రాల్చారు. పడిపోయిన అక్క డొక్కలో మూడోవాడు తన్నుతూనే ఉన్నాడు. “సేటూ, బయటికి రా!” అని ఎవరో అరిచారు. నేను షటరు దించాను. దాని సందులోంచి మూడు ముఖాలూ చూశాను. ముగ్గురూ నా ఖాతాదారులే.

ఆరో రోజున ఆమెకు తెలివి వచ్చిందని విని ఆస్పత్రికి వెళ్లాను.

“అక్కా, గురువారం సంగతి దళారికి నేనే చెప్పిన.”

“నాకెర్కనే. మండల్ల నీయంత నోరు ఎవరికున్నది? పోలీసోళ్లకు సుత గట్లనే చెప్పు.”

“నన్ను సంపుతరక్కా.”

“నన్ను సంపిన్రు గదరా. జెర జల్ది పో. నేనుండంగనే పో.”

రేపు, ఎల్లుండి అంటూ నాతో నేనే బేరమాడుకుంటూ గడిపాను. సోమవారం చితి రగిలాక నేరుగా ఠాణాకు నడిచి, ముగ్గురి పేర్లూ, దళారి పేరూ, నా నేరమూ చెప్పి సంతకం పెట్టాను. సాయంత్రానికి మా దుకాణం అద్దాలు పగిలాయి; నా నొసట నాలుగు కుట్లు పడ్డాయి.

మండలి నడుస్తుంది. ఆ కాటాకాడ, ఆ సభలో అన్నార్తుల తరఫున గర్జించే కంఠం మాత్రం ఇక పుట్టదు. అక్కా, నీ ధీరత్వానికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. నువ్వు చెప్పమన్నదంతా చెప్పాను. నువ్వు ఉండగా చెప్పలేదు.