మొహం తిప్పుకున్నదన్న నింద

మా అమ్మకు చందూర్‌లో ఒక స్నేహితురాలు ఉండేది. పడుచుతనంలో ఇద్దరూ ఒకే మడిలో నాట్లు వేసినవాళ్లు. మేము చర్చికి వెళ్లేవాళ్లం, వాళ్లది పసుపూ వరీ పండించే రైతు కుటుంబం. నాన్నకు చక్కెర ఫ్యాక్టరీలో పని దొరికి బోధన్‌కు వచ్చేశాక కూడా, సంతకు వచ్చినప్పుడల్లా ఆమె మా ఇంట్లో చాయ్ తాగకుండా పోయేది కాదు.

అరవై దాటాక అమ్మకు ఇంటి దర్వాజా వంకరగా కనిపించసాగింది. వడ్రంగం చేసే వడ్లాయనను పిలిపిస్తే తాడు పట్టి చూసి, "సక్కగనే ఉన్నదవ్వా" అని వెళ్లిపోయాడు. తర్వాత బియ్యం ఏరేటప్పుడు రాళ్లు కంటికి ఆనకపోవడం మొదలైంది. వయసు మీద పడిందని అందరం అనుకున్నాం. ఆమె కూడా అదే అనుకుంది.

ఆ ఎండాకాలం జక్రాన్‌పల్లిలో ఒక పెళ్లికి వెళ్లాం. పందిట్లో స్నేహితురాలు ఎదురొచ్చి నవ్విందట. అమ్మ పలకరించకుండా ఎటో చూస్తూ ముందుకు పోయిందట. ఈ సంగతి కొన్నాళ్లకు వేరేవాళ్ల నోట తెలిసింది.

"బోధన్ పోయినంక మేం కండ్లకు ఆనుతలేం. మొహం తిప్పుకొని పోయింది" అన్నదట ఆ స్నేహితురాలు.

అమ్మ మనసు విరిగింది. "అది పెండ్లికి వచ్చినట్టే నాకు ఎరుక లేదు. గంత మాట అంటదా?" అంది. ఆమె మా ఇంటికి రావడం మానేసింది. అమ్మ కబురు పంపడం మానేసింది. ఏళ్లు గడిచాయి.

మనుషుల ముఖాల్లో నల్లటి మచ్చే కనిపిస్తోందని అమ్మ చెప్పాక నిజామాబాద్ తీసుకుపోయాను. కంట్లో శుక్లం, మోతిబిందు అనుకున్నాం. డాక్టరు కాదన్నాడు. కంటి వెనుక పొర వయసుతో నడిమధ్య అరిగిందట, ఆపరేషన్‌తో బాగయ్యేది కాదట. "పూర్తిగ గుడ్డితనం రాదమ్మా. పక్క చూపు ఉంటది. ఎదురుగ ఉన్నదే కనవడదు" అన్నాడు.

 బస్సెక్కాక అమ్మ, "నన్ను చందూర్ తోలుకపో" అంది.

మేము వెళ్లేసరికి ఆ స్నేహితురాలు దమ్ము జబ్బుతో ఆయాసపడుతూ మంచం పట్టి ఉంది. అమ్మ దగ్గరగా కూర్చొని తల ఒక పక్కకు తిప్పింది.

"ఇంకా గట్లనే మొహం తిప్పుతున్నవా అక్కా?"

"గిట్ల తిప్పితేనే నువ్వు కనవడ్తవే. నడుమల చూపు పోయింది. ఆ పెండ్లినాడు నువ్వు నా ముంగటికి వస్తివంట, నాకు అగుపడలే."

ఆమె అమ్మ చెయ్యి పట్టుకుంది. "ముందుగాల చెప్పకపోతివి."

"నాకే ఎరుక లేకుండె."

ఆ సాయంత్రందాకా ఇద్దరూ పాత నాట్ల ముచ్చట్లు చెప్పుకున్నారు. మళ్లీ వస్తానని మాటిచ్చి వచ్చింది అమ్మ. చెరకు బండ్లు ఫ్యాక్టరీకి రావడం మొదలైన రోజుల్లో, మేము బయలుదేరకముందే, ఆ స్నేహితురాలు పోయిన కబురు వచ్చింది.

పెళ్లినాడే డాక్టరును కలిసినా అమ్మ చూపు నిలిచేది కాదు. ఆ కాలంలో దానికి మందు లేదు. కానీ సంగతి అప్పుడే తెలిసి ఉంటే, ఆ ఇద్దరికీ అన్నేళ్ల మాటలు దక్కేవి.