వాన లేకుండా మోగిన పెట్టె

ఇంటర్ పరీక్షలు రాసేసి ఫలితాల కోసం ఎదురుచూసే ఆ రెండు నెలలూ మా రోజుల్లో కుర్రవాణ్ణి ఎందుకూ కొరగానివాడిగానైనా చేసేవి, శాస్త్రవేత్తనైనా చేసేవి. నన్ను రెండూ చేశాయి. అప్పుడు మేం నందిగామలో ఉండేవాళ్ళం. నాన్నకు అక్కడ పురుగుమందుల కొట్టు. నేను డిగ్రీలో చేరి, ఖాళీ వేళల్లో కొట్లో కూర్చోవాలని ఆయన కోరిక. బెజవాడ వెళ్ళి రేడియో, టీవీ రిపేరు కోర్సు చెయ్యాలని నాది. వారం రోజులు ఇదే గొడవ నడిచాక నాన్న అన్నం కలుపుకుంటూ తేల్చేశారు. "మాల వేసుకున్నవాళ్ళు నలభై రోజులు నిష్ఠగా ఉంటారుగా. నువ్వూ నలభై రోజులు రోజుకో వస్తువు చెయ్యి. ఒక్కరోజు తప్పకూడదు. అందులో ఒక్కటన్నా మనవాళ్ళకి పనికొస్తే బెజవాడ పంపిస్తా. పనికొచ్చిందో లేదో నేను చెప్పను, మీ అమ్మా చెప్పదు. మీ మావయ్య చెప్తాడు." మావయ్య అంటే అమ్మ తమ్ముడు, వీరులపాడులో మిర్చి రైతు. నేనంటే ప్రాణం. గెలిచేశాననుకుని, పాపం నాన్న ఓడిపోతున్నారే అని ఆయన కంచంలోకి జాలిగా చూశాను.

చెక్క సామానుకు ఖర్చు లేదు. కొట్టుకు మందు సీసాలు వచ్చే చెక్కపెట్టెలు ఉండనే ఉన్నాయి. (ప్రతి పెట్టె మీదా పుర్రె, రెండు ఎముకలు అచ్చు వేసి ఉండేవి. ఎంత చిత్రిక పట్టినా ఆ పుర్రె ఏదో ఒక మూల మిగిలేది.) ఎలక్ట్రికల్ సామానుకు మాత్రం వారానికోసారి జగ్గయ్యపేట బస్సెక్కి, అక్కడ రేడియో బాగుచేసే ఆయన పారేసిన ముక్కలు సంచిలో పోసుకొచ్చేవాణ్ణి. మొదటిరోజు పోపు డబ్బాలు పెట్టుకునే స్టాండు చేశాను. అమ్మ ఆ పుర్రె వైపు చూసి, "వంటింట్లో ఇది పెడితే భోజనానికి ఎవరన్నా వస్తారా?" అంది. మూడోరోజు వీధి తలుపు తీస్తే మోగే గంట చేశాను. అది తలుపు వేసి ఉన్నంతసేపూ మోగేది, తీస్తే ఆగేది. ఎండలో అమ్మ మూడు గంటలసేపు తలుపు తీసి పెట్టుకుని కూర్చుని, చివరికి నన్ను పిలిచి, "నిన్న నువ్వు చేసిన అలారం చెవి తిప్పితే ఆగింది. దీన్ని ఎటు తిప్పాల్రా?" అని అడిగింది. చీకట్లో చెప్పులు వెతుక్కోకుండా లైటున్న చెప్పుల స్టాండు చేశాను, నాన్న చెప్పులు అందులో పట్టలేదు. ఒక్కో వస్తువునూ భోజనాల వేళకు నాన్న కంచం పక్కన పెట్టేవాణ్ణి. ఆయన దాన్ని చూసి "ఊఁ" అని పెరుగు వేసుకునేవారు. అలా ముప్ఫై తొమ్మిది "ఊఁ"లు గడిచాయి.

నలభయ్యోది మాత్రం ఆలోచించి చేశాను. అది వాన పెట్టె. ఒక రేకు మీద దగ్గర దగ్గరగా రెండు తీగలు పరిచి ఉంటాయి. వాటి మీద నీటిచుక్క పడితే చాలు, తీగ చివరనున్న పెట్టె కీచుమని అరుస్తుంది. కల్లంలో మిర్చి ఆరబోసిన రైతుకు అకాల వానంటే ఎంత భయమో మాకు తెలియనిది కాదు. బరకాలు కప్పేలోపే కాయ తడిసి పాడైపోతుంది. ఈ ఆలోచన వచ్చాక నాకు బెజవాడ బస్సు శబ్దం వినిపించడం మొదలైంది. నాన్న ఆ రోజు కొట్టు మూసి, సాక్షిగా నాతో వీరులపాడు వచ్చారు. పొద్దున్నే మిర్చి కుప్ప మీద రేకు పెట్టి, తీగ లాగి, పెట్టెను వసారా స్తంభానికి కట్టాను. మావయ్య దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "చినుకు పడితే అరుస్తదా? మా అల్లుడు గట్టివాడు బావా, పంపించెయ్యి" అన్నాడు. నాన్న "సాయంత్రం దాకా చూద్దాంలే" అన్నారు.

ఆ రోజే మిర్చి కొనడానికి జగ్గయ్యపేట షావుకారు వచ్చాడు. గలగలలాడే కాయ చూసి ధర ఒప్పుకుని, మధ్యాహ్నం భోంచేసి, చల్లబడ్డాక తూకం వేద్దామని వసారాలో మడతకుర్చీలో వాలాడు. ఇక్కడొక సంగతి చెప్పాలి. బాగా ఎండిన కాయను అలాగే బస్తాలో తొక్కితే పొడుం అవుతుంది. అందుకని ముందుగా కాస్త నీళ్ళు చిలకరించడం మామూలే. నీళ్ళు ఎక్కువైతే తూకమూ పెరుగుతుంది కాబట్టి, ఆ కాస్త ఎంతన్నది రైతు మనస్సాక్షికి సంబంధించిన విషయం. (మావయ్య మనస్సాక్షి రెండు బిందెలు పట్టేది.) షావుకారుకు కునుకు పట్టగానే మావయ్య మెల్లగా కల్లం వైపు వెళ్ళాడు.

పెట్టె కీచుమంది. షావుకారు ఉలిక్కిపడి లేచి, ముంగిట్లోకి వచ్చి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశమంతా వెతికాడు. "మబ్బు తునక లేదు. ఏ ఊరి వాన చెబుతోంది బాబూ నీ పెట్టె?" అన్నాడు. ఇంతలో మావయ్య పంచె అంచు పిండుకుంటూ గబగబా వచ్చాడు. "బ్యాటరీ పాడైనట్టుందండి షావుకారుగారూ. అంతేగా అల్లుడూ?" అన్నాడు. ఆయన కళ్ళలో ఆ "అంతేగా" ఇంకా పెద్దగా ఉంది. అవునంటే మావయ్య గట్టెక్కుతాడు, నా నలభయ్యో వస్తువు పోతుంది, దాంతో బెజవాడా పోతుంది. నాన్న నా వైపే చూస్తున్నారు. నేను పెట్టె మీద చెయ్యి వేశాను. "నిన్న కొన్న బ్యాటరీ మావయ్యా. నీళ్ళు తగిలితే తప్ప మోగదండి. కావాలంటే రండి, చూపిస్తా."

చూపించాను కూడా. షావుకారును కుప్ప దగ్గరికి తీసుకెళ్ళి, రేకును తువ్వాలుతో తుడిస్తే వసారాలో అరుపు ఆగింది. ఒక్క చుక్క వేస్తే మళ్ళీ మొదలైంది. ఆయన గుప్పెడు మిరపకాయలు తీసి నొక్కి చూశాడు. గలగల లేదు. "పెట్టె నిజమే చెబుతోంది. రేపు ఆరాక తూద్దాం లెండి" అన్నాడు మర్యాదగా. వెళ్ళబోతూ నా భుజం తట్టి, "ఇది నాకిచ్చెయ్యరాదూ బాబూ, కల్లం కల్లానికీ పట్టుకెళ్తా" అన్నాడు.

షావుకారు వెళ్ళాక మావయ్య అరుగు మీద కూలబడ్డాడు. "అది వాన పెట్టె కదరా, బిందె నీళ్ళతో దానికేం పని?" అని అడిగాడు. నేను వివరించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. తర్వాత నాన్న వైపు తిరిగి, "వస్తువు మంచిదే బావా. కానీ బాగున్న బ్యాటరీని పాడైందని చెప్పలేనివాడు రేపు రిపేరు కొట్టేం నడుపుతాడు? డిగ్రీలో చేర్పించు" అన్నాడు. నాన్న మొదటిసారి "ఊఁ" అనకుండా నవ్వారు.

డిగ్రీ చదివాను. కొట్లో మాత్రం కూర్చోలేదు, పత్రికలో చేరాను. ఎవరో ఒకరు గుట్టుగా నీళ్ళు చల్లుతుంటే గట్టిగా అరవడమే అక్కడా ఉద్యోగమని చేరాక తెలిసింది. మావయ్య బతికున్నన్నాళ్ళూ, నేను రాసిన వార్త ఎక్కడన్నా కలకలం రేపితే ఫోన్ చేసి, "ఇవాళ పెట్టె మోగిందిరోయ్" అనేవాడు. ఆ పెట్టెను ఆయన పారెయ్యలేదు. బ్యాటరీలు మారుస్తూ ఏటా కల్లంలో వాడాడు. బిందె పట్టుకెళ్ళే ముందు మాత్రం తీగ పీకేసేవాడట.

రిటైరయ్యాక మళ్ళీ రోజుకో వస్తువు మొదలుపెట్టాను. మొన్న జ్ఞాపకం కొద్దీ వాన పెట్టె చేసి బాల్కనీలో పెట్టాను. మా ఆవిడ కొత్తిమీర కుండీకి నీళ్ళు పోసినప్పుడల్లా అది అరుస్తోంది. "బ్యాటరీ పాడైందేమో చూడండి" అందావిడ నిన్న. అవునేమో అని ఒప్పుకుని తీగ పీకేశాను. మావయ్యా, ఇప్పుడు పంపిస్తావా బెజవాడ?