పొగబండి మామయ్య సిగరెట్ మానిన సంగతి

సోఫాకి ఆ చిల్లు పెట్టింది నేను. మాటలు పడ్డది మా మామయ్య.

ఆకుపచ్చ గుడ్డ వేసిన సోఫా, ముగ్గురు కూర్చునేది. ఎవరో లాయరుగారిది. మర్నాడు పొద్దున్నే పంపించాలి. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక నేను దాని మీద కాళ్ళు చాపుకుని పడుకున్నాను. ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో సిగరెట్. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. పుస్తకంలో ఒక పెద్దమనిషి ఒక పేదవాడికి అన్యాయం చేస్తుంటే పళ్ళు కొరుక్కుంటూ చదువుతున్నాను. నిప్పు రాలిన సంగతి చూసుకోలేదు. చూసేసరికి నడిమి సీటులో పెసరగింజంత చిల్లు, అంచులు నల్లగా ముడుచుకుని ఉంది.

ఓనరు ఎవరినీ అడగలేదు. నేరుగా మామయ్య మీదికి వచ్చాడు.

"ఏం పొగబండీ! షాపులో కాల్చొద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానా లేదా? నీకు తప్ప ఇక్కడ ఇంకెవరికుంది ఆ రోగం?"

మామయ్య సిగరెట్ మాని అప్పటికి నలభై రోజులు. చొక్కా లోపల భుజానికి సిగరెట్ మాన్పించే నికోటిన్ పట్టీ అంటించుకుని ఉన్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిస్తే చాలు, ఓనరు నోరు మూతపడేది. మడవలేదు. వంగి, చిల్లు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. లేచి నా వైపు చూశాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"గుడ్డ మిగిలిందా?" అన్నాడు మామయ్య.

"జానెడు కూడా లేదు" అన్నాడు ఓనరు.

"అయితే బొత్తాలు వేస్తాను."

ఒక్క చిల్లు మీద ఒక్క బొత్తం వేస్తే ముఖాన మొటిమలా ఉంటుంది. అందుకని మూడు సీట్లకీ వరస కుదిర్చి పదిహేను గుడ్డ బొత్తాలు కుట్టాడు. సాయంత్రం దాకా పట్టింది. ఆఖరి ముడి వేశాక ఓనరు వచ్చి సోఫా చుట్టూ తిరిగి చూసి, "బాగానే ఉంది. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాడు. ఇరవై ఆరేళ్ళు చేసిన చోట ఇంతే వీడ్కోలు. లాయరుగారు మర్నాడు బొత్తాలను మెచ్చుకుంటే ఓనరు ఆ మెప్పు కూడా తన జేబులోనే వేసుకున్నాడు.

తొమ్మిదో తరగతిలో నేను బడి మానేసినప్పుడు అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని తన తమ్ముడి దగ్గర దిగబెట్టింది. "వీడికి పని నేర్పుతావో, వీడి తల పగలగొడతావో నీ ఇష్టం" అంది. మామయ్య నన్ను ఎగాదిగా చూసి, "తల గట్టిగానే ఉందక్కా, పని నేర్పడమే తేలిక" అన్నాడు.

మాది సోఫాలకీ కుర్చీలకీ కొత్త గుడ్డలు వేసే షాపు. పొడుగాటి గది, ఒకే కిటికీ. ఒక పక్క స్పాంజి దొంతరలు, ఇంకో పక్క రెక్సిన్ చుట్టలు, మూలన కొబ్బరిపీచు గుట్ట. కిటికీ కింద కుట్టుమిషన్ ముసలాయన. నడుమ, ఎప్పుడూ ఏదో ఒక కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని మామయ్య.

ఆయన పని చేస్తుంటే చూడాలి. గుప్పెడు చిన్న మేకులు కుడి బుగ్గలో పోసుకునేవాడు. నాలుకతో ఒక్కో మేకునీ తిప్పి, తల ముందుకి వచ్చేలా పెదాల మీదికి తెచ్చేవాడు. అయస్కాంతం సుత్తి మూతి దగ్గరకి తీసుకెళ్ళగానే మేకు దానికి అంటుకునేది. ఎడం చెయ్యి గుడ్డ లాగి పట్టుకుంటే కుడి చెయ్యి టక్, టక్. నోటి ఎడమ కొసన సిగరెట్. ఆ రెండింటి మధ్య సందులోంచి నాతో కబుర్లు. ఎవరైనా కొత్తవాళ్ళు చూస్తే, ఈయన మేకులు కాల్చి సిగరెట్లు దిగ్గొడతాడేమో అని భయపడేవాళ్ళు. పొగబండి అని పేరు పెట్టింది కుట్టుమిషన్ ముసలాయన.

పాత కుర్చీల వీపులు విప్పితే లోపల ఒక్కోసారి పాత పేపర్లు, చిరిగిన పుస్తకాల కాగితాలు కుక్కి ఉండేవి. మామయ్యకి చదవడం అంతంత మాత్రం. "ఏం రాశాడో చదవరా అల్లుడూ" అనేవాడు. నేను చదివేవాణ్ణి. కథ సగంలో చిరిగిపోయి ఉండేది. మిగతా సగం మామయ్య చెప్పేవాడు. ఆయన చెప్పే ముగింపుల్లో ఎంతటి గొడవైనా చివరికి సర్దుకుని, అందరూ అన్నాలు తిని పడుకునేవారు. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. అసలు ముగింపు ఏమై ఉంటుందా అని పాత పుస్తకాల దుకాణాల వెంట తిరగడం మొదలుపెట్టాను. చదువు నాకు అలా అంటుకుంది, ఏ మాస్టారి వల్లా కాదు. ఆ మధ్యాహ్నాలు ఇప్పుడు తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది వాసన. గుడ్డలంటించే సొల్యూషన్ డబ్బా, పీచు, వాటి మీదుగా మామయ్య పొగ. మంచిది కాదని తెలుసు. అయినా ఎక్కడైనా ఆ మూడూ కలిసి తగిలితే ఈ రోజుకీ కాళ్ళు ఆగిపోతాయి.

మామయ్య సిగరెట్ మానడం కొత్త కాదు. ఏడాదికి రెండుసార్లు మానేవాడు. మానిన ప్రతిసారీ షాపంతా చాటేవాడు. నాలుగో రోజుకి మళ్ళీ ఎడమ కొసన పొగ లేచేది. "ఆగింది కదా అని దిగిపోకండర్రా. నీళ్ళు పట్టుకోవడానికి ఆగింది. బండి మళ్ళీ కదుల్తుంది" అనేవాడు ముసలాయన. అందరికంటే గట్టిగా మామయ్యే నవ్వేవాడు.

నవ్వు ఆగిన రోజు ఒకటి వచ్చింది. ఒకరింటికి వెళ్ళి కుర్చీలు బాగుచేస్తున్నాం. ఆ ఇంట్లో పాకే పిల్ల ఉంది. మామయ్యకి దగ్గు తెర వచ్చింది. ఆపుకోలేకపోయాడు. బుగ్గలో మేకులన్నీ గదంతా చిమ్మాయి. పిల్ల సంబరంగా వాటి మీదికి పాకింది. తల్లి కేక పెట్టి పిల్లని ఎత్తుకుంది. మామయ్య నేల మీద మోకాళ్ళేసుకుని ఏరాడు. పన్నెండు వేసుకున్నాడు, పదకొండు దొరికాయి. పన్నెండోది ఆయన మింగాడా, పిల్ల మింగిందా? తల్లి పిల్ల నోట్లో వేలు పెట్టి వెతుకుతోంది, పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది, మామయ్య ముఖంలో నెత్తురు లేదు. చివరికి ఆ మేకు ఆయన చొక్కా చేతి మడతలోనే దొరికింది.

ఆ సాయంత్రం ఓనరు రెండు ఆజ్ఞలు జారీ చేశాడు. షాపులో ఎవరూ కాల్చకూడదు. పొగబండి ఇక నోట్లో మేకులు పెట్టుకోకూడదు, డబ్బాలోంచి ఒక్కొక్కటే తీసుకోవాలి. మొదటిదానికి మామయ్య బాధపడలేదు, వెనక సందులోకి వెళ్ళి కాల్చుకునేవాడు. రెండోదే ఆయన్ని తినేసింది. డబ్బాలోంచి తీసుకోవడం నిన్న గాక మొన్న చేరినవాడి పద్ధతి. ప్రతి మేకుకీ ఎడం చెయ్యి గుడ్డ వదలాలి, వదిలితే గుడ్డ సడలుతుంది. తను చేసిన కుర్చీ వంకరగా ఉండటం ఆయన మొదటిసారి చూశాడు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మందుల షాపుకి వెళ్ళాడు. అక్కడి అమ్మాయి నెమ్మదిగా అడిగింది.

"రోజుకెన్ని బాబాయ్‌గారూ?"

"పెట్టెన్నర."

"నిద్ర లేచాక మొదటిది ఎంతసేపటికి?"

"అది కాలిస్తేనే లేస్తాను తల్లీ."

ఆమె నవ్వలేదు. రోజుకొక పట్టీ, పెద్దవి కొన్ని వారాలు, తర్వాత నడిమివి, తర్వాత చిన్నవి అని చెప్పింది. మరీ మనసు లాగినప్పుడు నమలడానికి నికోటిన్ బిళ్ళలు ఇచ్చింది. "ఊరికే నమిలెయ్యకండి. నాలుగుసార్లు నమిలి, చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకోవాలి. అది తగ్గాక మళ్ళీ నాలుగు. అందరూ ఇక్కడే తప్పు చేస్తారు, బాబాయ్‌గారూ, మింగేసి ఎక్కిళ్ళు తెచ్చుకుంటారు."

"బుగ్గన పెట్టుకోవడం నాకు నేర్పుతున్నావా తల్లీ?" అన్నాడు మామయ్య. అన్ని రోజుల్లో ఆయన ముఖంలో వెలుగు చూసింది అప్పుడే.

బిళ్ళల విషయంలో ఆయన ఘటికుడే. పట్టీ దగ్గర తప్పులో కాలేశాడు. చెమటకి దాని అంచు లేస్తోందని నాలుగో రోజున సోఫాలకి వాడే సొల్యూషన్ పూసి అంటించాడు. పొద్దుటికి భుజం పొక్కి, ఎర్రగా చేట అంత అయింది. పట్టీ మాత్రం ఊడితే ఒట్టు. అత్తయ్య నూనె రాసి గంటసేపు పీకింది. మందుల షాపు అమ్మాయి తల పట్టుకుంది.

"బాబాయ్‌గారూ, ఇది సోఫా కాదు, మీ చెయ్యి!"

"ఏదైనా అంటించడమే కదమ్మా. నేనంటించింది ఈ రోజు దాకా ఊడలేదు."

సబ్బుతో కడిగి, బాగా ఆరాక, రెండో భుజానికి పెట్టి అరచేత్తో కాసేపు అదిమి పట్టుకోవాలని ఆమె స్వయంగా చూపించింది. రోజూ చోటు మార్చమంది.

ఈసారి మామయ్య ఎవరికీ చెప్పలేదు. అత్తయ్యకీ నాకూ మాత్రమే తెలుసు. షాపులో అనుమానం రాకుండా జేబులో సిగరెట్ పెట్టె ఉంచుకునేవాడు. మామూలు వేళకి వెనక సందులోకి వెళ్ళి, బిళ్ళ బుగ్గన పెట్టుకుని, గోడకి ఆనుకుని నిలబడి వచ్చేవాడు. "చెప్పి మానితే వాళ్ళ నవ్వుకే సగం ప్రాణం పోతోందిరా" అన్నాడు నాతో. రాత్రి నిద్ర పట్టేది కాదు. అత్తయ్య మీద అన్నం కంచం విసిరి, తర్వాత ఆ మెతుకులు తనే ఏరాడు. మూడో వారంలో ముక్కు తెరుచుకుంది. "ఒరే, ఈ రెక్సిన్ ఇంత కంపా! ఇందులోనా మనం బతుకుతున్నది?" అని ఆశ్చర్యపోయాడు. ఇంకో రోజు నా చెవి దగ్గరకొచ్చి, సిగ్గుపడుతూ, "మీ అత్త తలకి రాసుకునే నూనెకి వాసన ఉందిరా. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకి తెలిసింది" అన్నాడు. ఓనరు లేనప్పుడు నాలుగు మేకులు బుగ్గలో వేసుకుని చూసుకున్నాడు. దగ్గు రాలేదు. ఇంకో నెల గడిస్తే ఓనరు ముందే పన్నెండూ వేసుకుని చూపిస్తానన్నాడు.

ఆ జేబులోని పెట్టెలోంచే నేను దొంగతనంగా ఒక్కొక్కటీ తీసుకుని కాల్చడం మొదలుపెట్టాను. ఎందుకో చెప్పలేను. కోపంగా ఉండేవాణ్ణి, అందరి మీదా. కోపంగా ఉన్నవాడికి చేతిలో ఏదో ఒకటి కాలుతూ ఉండాలనిపించేది.

బొత్తాలు కుట్టిన సాయంత్రం మామయ్య సామాను సంచి సర్దుకుని వెనక సందులోకి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. పెట్టె తీసి మూత తెరిచి నాకు చూపించాడు.

"ఇందులో ఇరవై ఉండాలి. నేనొక్కటీ కాల్చలేదు. ఏడున్నాయి."

"మామయ్యా, ఇప్పుడే వెళ్ళి ఓనరుకి చెప్పేస్తాను."

"చెప్పేవాడివైతే వాడు తిడుతున్నప్పుడే చెప్పేవాడివి."

ఒకటి తీసి ముట్టించాడు. నేను చెయ్యి పట్టుకోబోయాను, విదిలించేశాడు. రెండు దమ్ములు లాగాడు. ఒంటి మీద పట్టీ ఉంది, లోపల పొగ. ముఖం పాలిపోయి చెమటలు పట్టాయి. గోడవారన కూలబడి కక్కుకున్నాడు. నేను వీపు నిమురుతుంటే, "నలభై రోజులురా" అన్నాడు. మళ్ళీ, "నలభై" అన్నాడు.

పుస్తకాల్లో ఇలాంటి చోట ఎవరో ఒకరు మంచి మాట అంటారు. నేను నీళ్ళు తెచ్చిచ్చాను, అంతే.

పొద్దున్నే వాళ్ళింటికి వెళితే ఆయన లేడు. మందుల షాపు మెట్ల మీద, అది తెరవక ముందే కూర్చుని ఉన్నాడు. అమ్మాయి రాగానే జరిగింది చెప్పి, "లెక్క మళ్ళీ ఒకటి నుంచా తల్లీ?" అన్నాడు, ఫెయిలైన పిల్లాడిలా.

"నలభై మెట్లెక్కి ఒకటి జారితే కిందికంటా దిగి మొదలెడతారా? నిలబడ్డ చోటు నుంచే ఎక్కండి. చొక్కా చెయ్యి మడవండి, ముందు నిన్నటిది తీసేద్దాం."

నేను ఓనరుకి చెప్పాను. చెప్పడానికి నెల పట్టింది. ఆయన పళ్ళు కుట్టుకుంటూ విని, "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభంరా? కొత్తవాడు కుదిరాడు. చౌక" అన్నాడు. నేను ఆ రోజే అక్కడ పని మానేసి బస్సు డిపోలో సీట్లు కుట్టే పనిలో చేరాను. నా పౌరుషం వల్ల మామయ్యకి ఒరిగిందేమీ లేదు. ఆయన తన ఇంటి వసారాలోనే పని పెట్టుకున్నాడు. మొదట్లో వారానికొక కుర్చీ. నడిమి పట్టీలు, చిన్న పట్టీలు కూడా అయిపోయాయి. ముఖం చెల్లక నేను అటు వెళ్ళడం తగ్గించాను. ఏం అడిగినా అమ్మనే అడిగేవాణ్ణి. "మానినట్టే ఉన్నాడు, అడక్కు, దిష్టి తగులుతుంది" అనేది.

పోయిన నెల, రెండేళ్ళ తర్వాత, తెగించి వెళ్ళాను. వసారా నిండా కుర్చీలు. అత్తయ్య టీ ఇచ్చింది. మామయ్య ఒళ్ళు చేశాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, గాలి ఒకసారి పీల్చి, టీ తాగమన్నాడు. నేను డిపో నుంచి వచ్చేదారిలో ఒకటి కాల్చి, నోట్లో లవంగం వేసుకుని వచ్చాను. ఆ ముక్కు ముందు లవంగం ఏపాటి?

"ఇప్పటికీ కాల్చాలనిపిస్తుందా మామయ్యా?" అని అడిగాను.

"అనిపించకేం? రోజూ సాయంత్రం పని కట్టేసే వేళకి అనిపిస్తుంది. మీ అత్తని పిలిచి, 'ఏమేవ్, ఇదిగో, అనిపిస్తోంది' అంటాను. 'అలాగా' అంటుంది. పచ్చిమిరపకాయలు తరగమంటుంది. కాసేపటికి పోతుంది."

లేచి గుమ్మం దాకా వచ్చాను. వెనక నుంచి పిలిచాడు.

"అల్లుడూ! నీకు చెప్పుకోవడానికి ఎవరూ లేరు కదా. అనిపించినప్పుడు ఇటు రా. పొద్దున్నైనా సరే, మధ్యాహ్నమైనా సరే. కానీ అనిపించినప్పుడు రారా, కాల్చాక కాదు."