పేరు పక్కన గుర్తు

కంటి ఆపరేషన్ చేయించుకుని తెనాలిలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. మొన్న మంగళవారం మా బావగారి అబ్బాయి రేపల్లె బండి దిగి నేరుగా వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు. "నాన్న పోయారు మావయ్యా" అన్నాడు. గుమ్మంలోనే నిలబడి, "గ్లాసు కడిగి పెట్టుకున్నారు. నీళ్ళు పోయలేదు" అన్నాడు.

ఆ గ్లాసు సంగతి వాడికి సగమే తెలుసు. మిగతా సగంలో నేనున్నాను. చర్చి పుస్తకంలో పేర్లు రాయడం తప్ప నాకు రాత అలవాటు లేదు. అయినా ఈ నాలుగు ముక్కలూ చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదండి.

బావ నా భార్యకు అన్న. తెల్లవాళ్ళ రెండో యుద్ధంలో ఆఫ్రికా ఎడారిదాకా వెళ్ళొచ్చిన సిపాయి. రేపల్లెలో మావి పక్కపక్క ఇళ్ళు. ఎక్కడికీ వెళ్ళేది లేకపోయినా పొద్దున్నే బూట్లకు పాలిష్ పెట్టుకునేవాడు. నన్ను చూస్తే, "ఏంటి బావా, ఇవాళ కూడా నోరు ఇంట్లోనే మర్చిపోయి వచ్చావా?" అని ఏడిపించేవాడు. గేటు దగ్గర పోస్టుమ్యాను ఆగినా, గాజులమ్మే ఆవిడ ఆగినా, అడక్కముందే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేవాడు. "అడిగించుకుని ఇచ్చే నీళ్ళు నీళ్ళు కాదు" అనేవాడు.

యుద్ధం గురించి మాత్రం నాతో ఒకే ఒక్కసారి మాట్లాడాడు. గాయపడి పట్టుబడ్డ జర్మనీ ఆఫీసరు ఒకడికి కాపలా ఉన్నాడట. తల నెరిసిన మనిషి. గోడవార కూర్చోబెట్టారు. వాడు తన పేరు చెప్పి, నీళ్ళు కావాలని సైగ చేశాడు.

"సీసాలో సగం ఉన్నాయి బావా. ఆ పొద్దున్నే మన చెరుకుపల్లి కుర్రాడు నా ఒళ్ళో పోయాడు. ఇవ్వలేదు. లారీలోకి ఎక్కిస్తున్నప్పుడు కూడా ఆ ఆఫీసరు నా సీసాకేసే చూస్తున్నాడు."

ఎనభైల్లో, మా వైపు ఆస్పత్రిలో పనిచేసిన జర్మనీ నర్సమ్మ ఒకావిడ రిటైరై స్వదేశం వెళ్తుంటే, బావ ఆ ఆఫీసరు పేరు చీటీ మీద రాసిచ్చాడు. "బతికి బయటపడ్డాడో లేదో కనుక్కోండమ్మా" అన్నాడు. ఏడాదికి కవరు వచ్చింది. నర్సమ్మ మంచాన పడ్డారని, ఇదొక్కటే దొరికిందని ఆవిడ తరఫున ఎవరో ఇంగ్లీషులో రాసిన రెండు ముక్కలు ఉన్నాయి. దాంతోపాటు ఆఫీసర్ల పేర్లు అచ్చేసిన పేజీ జిరాక్సు. ఒక పేరు కింద ఎర్ర గీత. ఆ పేరు పక్కన చిన్న సిలువ, దాని పక్కన ఒకదానిమీదొకటి అడ్డంగా రెండు కత్తులు.

బావ దాన్ని నా దగ్గరికే తెచ్చాడు. మా సంఘంలో ఎవరైనా పోతే పుస్తకంలో వాళ్ళ పేరు పక్కన సిలువ గీసేది నేనే. ముప్పై ఏళ్ళ అలవాటు. ఒక్క చూపు చూశాను.

"పోయాడు బావా. యుద్ధంలోనే. కత్తులు కూడా వేశారుగా" అన్నాను.

జీవితంలో అంత ధీమాగా నేను మరో మాట చెప్పలేదు.

మర్నాటి నుంచి బావ రోజూ మధ్యాహ్నం తాను తినబోయే ముందు స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి పెరటి గోడవార పెట్టేవాడు. "కాకులకా అన్నయ్యా?" అని మా ఆవిడ అడిగితే, "ఆఁ, కాకులకే" అనేవాడు. నాతో మాత్రం మెల్లగా, "వచ్చి కూర్చున్నాడు బావా" అనేవాడు. నేను చూసేవాణ్ణి. పెచ్చులూడిన సున్నం తప్ప ఏమీ కనిపించేది కాదు.

అలా ఆరేళ్ళు. బాపట్లలో ఒక పెళ్ళిలో, జర్మనీ మిషను దొరల దగ్గర చదువుకున్న రిటైర్డ్ మాస్టారు ఒకాయన నా పక్కన కూర్చున్నారు. ఎందుకో ధైర్యం చేసి ఆ గుర్తు సంగతి అడిగాను. తర్వాతి వారం జిరాక్సు తీసుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు.

"ఇది చావు గుర్తు కాదయ్యా. చావు సిలువకి కింది కొమ్మ పొడుగుంటుంది. దీనికి నాలుగూ సమానం, చివర్లు వెడల్పు. ఇనుప సిలువంటారు, వాళ్ళ పతకం. ఆ కత్తులు ఇంకో పతకానివి. అంతకుముందరి యుద్ధంలో ఇచ్చారని."

"అయితే బతికాడాండి?"

"ఈ పుస్తకం అచ్చయింది మీ బావ వెళ్ళిన యుద్ధానికి ముందు. దీన్లో అతని బతుకూ లేదు, చావూ లేదు."

ఇంటికొచ్చాక మూడు రోజులు బావ గేటు వైపే వెళ్ళలేదు. నాలుగోనాడు, బూట్లు తుడుచుకుంటున్న బావతో అంతా చెప్పేశాను. "తప్పు నాదే బావా" అన్నాను.

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగింది. "చావనివాడు రోజూ ఎలా వస్తున్నాడు మరి?" అన్నాడు.

నేను పెరటి గోడకేసి చూశాను.

"నువ్వు చెప్పకముందు కూడా వచ్చేవాడులే. అప్పుడు నిలబడేవాడు. నువ్వు పోయాడన్నాక కూర్చున్నాడు, అంతే" అని మళ్ళీ బూటు తుడవసాగాడు. ఆ మధ్యాహ్నం కూడా గ్లాసు పెట్టాడు. "బతికుంటే మాత్రం దాహం వెయ్యదా?" అన్నాడు. ఆ తర్వాత ఆ మాట మా మధ్య రాలేదు. గ్లాసు మాత్రం మానలేదు.

ఆ కబురు విని రేపల్లె వెళ్ళాను. బావను సమాధి చేసి వచ్చాక సంఘం పుస్తకం తీశాను. కంటికి ఇంకా మసకగానే ఉంది. బావ పేరు వేలితో వెతుక్కున్నాను. సిలువ గీశాను. కింది కొమ్మ బాగా పొడుగ్గా, కింది గీత దాటేదాకా లాగాను. రేపు చూసేవాళ్ళెవరూ నాలా పొరబడకూడదు.

మధ్యాహ్నమైంది. వాళ్ళ పెరట్లోకి వెళ్ళి గ్లాసు నింపి గోడవార పెట్టాను. నాలుగడుగులు వేసి, వెనక్కి వెళ్ళి రెండోది కూడా నింపి పక్కనే పెట్టాను. ఎండలో రెండు గ్లాసులూ పక్కపక్కనే ఉన్నాయి. నీళ్ళు కదలడం లేదు.