కూయని పెట్టె

“బోర్డు కాలిపోయిందమ్మా, కొత్తది వెయ్యాల్సిందే” అని వాషింగ్ మెషీన్ బాగుచేసేవాడు అమ్మమ్మతో చెప్పి సంచి సర్దుకుంటుంటే, మనవరాలు వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“కాలిపోతే మెషీన్ మీద దీపం ఎలా వెలుగుతోందన్నా?”

“ఇవి నీ పుస్తకాల్లో ఉండవులే పాపా.”

“నీ చేతిలోనూ లేవు. ముందు ఆ తీగ పీకి చూడు.”

అతను పీకలేదు. ఆమే పీకి, కొనకి పట్టిన తుప్పు గీకి, మళ్లీ గుచ్చింది. డ్రమ్ము గిర్రున తిరిగింది. అతని ముఖాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. ఆ ముచ్చట అమ్మమ్మ మెట్ల మీద ఎదురైన ప్రతివారికీ చెప్పింది, అప్పటికే విన్నవాళ్లకి కూడా.

పిల్ల ఇంజనీరింగ్ మూడో ఏడు. అమ్మమ్మది రెండో తరగతి, అదీ సగమే.

“నువ్వు రాసే ఆ ఫర్మ్‌వేర్ అంటే ఏంటే?”

“యంత్రం లోపలి చిప్పుకి ఎప్పుడేం చెయ్యాలో బుద్ధి చెప్పడం అమ్మమ్మా.”

“చెప్పు చెప్పు. మీ తాతకి నలభై ఏళ్లు చెప్పాను, ఒంటబట్టలేదు.”

నీటిమీటర్లు చేసే కంపెనీ ఒకటి వేసవికి విద్యార్థులను ఇంటర్న్‌షిప్‌కి తీసుకుంటుంది. పోయిన ఏడు ఈ పిల్లను కాదన్నారు. ఈసారి, సొంతంగా చేసిన పరికరం ఇంట్లో నెలరోజులు ఎలా పనిచేసిందో రాసి పంపమన్నారు. గడువు రేపు సాయంత్రం.

ఆమె చేసింది చిన్న పెట్టె. మేడమీద నీళ్లట్యాంకు నిండితే వంటింట్లో కూస్తుంది. ఎన్నిసార్లు కూసిందో అదే గుర్తుపెట్టుకుంటుంది. నెల గడిచాక తీరా ఆ లెక్క తెరిచి చూస్తే సున్నా.

పిల్లకి మతిపోయింది. మేడెక్కి, ట్యాంకులో నీళ్లతోపాటు పైకి తేలే బెండును చేత్తో ఎత్తితే పెట్టె చెవులు చిల్లులు పడేలా కూసింది. “నా చేతికి పలికేది నీళ్లకి పలకదేం?” అనుకుంటూ ప్రోగ్రాము మూడుసార్లు తిరగరాసింది, తీగలన్నీ విప్పి కట్టింది. తప్పు ఎక్కడా దొరకలేదు. పక్కన బట్టలు మడతపెడుతున్న అమ్మమ్మకీ ఏమీ పాలుపోలేదు.

“ట్యాంకు నిండేటప్పుడు నువ్వెక్కడుంటావ్ అమ్మమ్మా?”

“నిండనిస్తేగా! పైపు చప్పుడు మారగానే టక్కున మోటారు ఆపేస్తాను. ముప్పై ఏళ్లలో ఒక్క చుక్క పొర్లనివ్వలేదు. నాకు పెట్టె కూసి చెప్పాలా?”

పిల్ల నవ్వాలో ఏడవాలో తెలియక నేలమీద చతికిలబడింది. అమ్మమ్మకి ఇంకా అంతుపట్టలేదు. పొర్లకపోవడం మంచిదేగా, ఈ పిల్ల ముఖం అలా వేలాడేసిందేం?

“పోనీ ముప్పై అని రాసెయ్యవే. ఎవరు చూడొచ్చారు?”

“రాయను. ఎందుకు సున్నా అయిందో ఉన్నదున్నట్టు రాస్తాను. కానీ ఒక్కసారైనా నిజంగా కూసిందని చూపించాలిగా.”

పిల్ల లేచి అమ్మమ్మ ఒళ్లోని బట్టలు తీసి పక్కన పెట్టింది. ఆ రెండు చేతులూ పట్టుకుంది.

“రేపు పొద్దున మోటారు వేసి కుర్చీలో కూర్చో. పైపు చప్పుడు మారినా లేవకు. పెట్టె కూసేదాకా స్విచ్చి ముట్టుకోకు. నా మీద ఒట్టు.”