మీసం కొస

సెలూన్ మాస్టారు ఇరవై ఆరేళ్లుగా అద్దం ముందు నిలబడి జనం చేత మాటలు పడుతున్నాడు. చెవి పక్క జుట్టు ఒకవైపు రవ్వంత పొట్టిగా ఉంటే చాలు, కొంప మునిగినట్టు గగ్గోలు పెడతారు. అలాంటివాణ్ణి ఒక సెలవు రోజున భార్య కళాప్రదర్శనకు లాక్కెళ్లింది.

అక్కడొక నిలువెత్తు తెర. ఎదురుగా నిలబడితే మన ముఖమే కనిపిస్తుంది గానీ, కదిలినకొద్దీ ముక్కు చెవి దగ్గరికి జారుతుంది, గడ్డం మైనంలా కారుతుంది. వెంట్రుక కోసం తనతో తగువుపడే పెద్దమనుషులే వరసకట్టి, మూతి మెడ మీదికి పోయినందుకు మురిసిపోతూ ఫొటోలు తీసుకుంటున్నారు. పక్కనే గుబురు మీసాల కళాకారుడు పొగడ్తలు అందుకుంటున్నాడు.

"ఇదేంటండీ, నా ముఖం ఇలా చేశారు?" అన్నాడు మాస్టారు.

"అదే మీ అసలు ముఖం. చూసే కన్నుండాలి," అన్నాడాయన జాలిగా.

వారం తిరగకముందే ఆ కళాకారుడు సెలూన్‌కొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పని పూర్తయ్యాక తల అటూ ఇటూ తిప్పి అద్దంలో చూసుకుని, "ఏంటయ్యా ఇది? ఎడమ మీసం వెంట్రుకవాసి కిందికుంది," అని మండిపడ్డాడు.

మాస్టారు కత్తెర జేబులో పెట్టుకున్నాడు.

"అదే మీ అసలు ముఖం సార్. చూసే కన్నుండాలి," అని తువ్వాలు దులిపి, తర్వాతి మనిషిని పిలిచాడు.