నర్సింలు ఎడమ కాలు

2017. నారాయణపేట అప్పటికి ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంది. అక్కడి ఒక చిన్న దవాఖానలో డ్రెస్సింగ్ గది నాది. పుండ్లు కడిగి, మందు పెట్టి, కట్టు కట్టడం పని. చీము వాసనకు అన్నం సహించదని తోటి సిస్టర్లు ఆ డ్యూటీ తప్పించుకునేవాళ్లు. నేను అడిగి మరీ తీసుకున్నాను. ఏ పనైనా ప్రభువుకు చేస్తున్నట్టే చెయ్యాలని చిన్నప్పటి నుంచి చర్చిలో విన్నదాన్ని. దాంతో కొంచెం గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు.

కట్టు కట్టాక పేషెంటును అడిగి, తల మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసేదాన్ని. ఎవరూ కాదనలేదు. కట్టు జీతం కోసం, ప్రార్థన దేవుని కోసం అనుకునేదాన్ని.

నర్సింలు చీరలు నేసే మనిషి, యాభై దాటినవాడు, షుగర్ ఉంది. కుడి పాదం మీద పుండుతో రెండు రోజులకొకసారి వచ్చేవాడు. గుంత మగ్గంలో కాళ్లు దించి, కింద చెక్కలు మార్చి మార్చి తొక్కితేనే నేత సాగుతుంది. అందుకే ఎప్పుడొచ్చినా ఒకటే మాట: "సిస్టరమ్మా, మల్ల మగ్గంల ఎప్పుడు కూసోవాలె?"

నాలుగో వారానికి పుండు మానింది. చివరి కట్టు ముగించగానే ఆయన అన్నాడు: "గీ ఎడమ కాలు గూడ జర తేడాగ ఉన్నది. నడుస్తుంటె చెప్పు ఊడిపోయినా తెలుస్తలేదు."

"ఫికర్ చెయ్యకు పెద్దయ్యా, దానికి గూడ ప్రార్థన చేస్త" అన్నాను.

షుగర్ వల్ల కాళ్ల నరాలు మొద్దుబారడాన్ని న్యూరోపతి అంటాం. మోనోఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ పోగును అరికాలికి తాకించి చూస్తే రెండు మూడు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ పోగు నా ట్రేలోనే ఉంది. ఆ కాసేపూ నేను ప్రార్థన చేశాను. ఎంత బాగా చేశానంటే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చెప్పు మాత్రం విప్పించలేదు.

నెల దాటాక భార్య ఆయన్ను ఆటోలో తీసుకొచ్చింది. ఎడమ అరికాల్లో ముల్లు దిగి, నొప్పి తెలియక లోపలే చీము పట్టి, వేళ్లు నల్లబడ్డాయి. పెద్ద దవాఖానకు పంపాం. అక్కడ మోకాలి కింది నుంచి కాలు తీసేశారు.

ఆయన్ను చూడ్డానికి వాళ్లింటికి వెళ్లాను. మగ్గం గుంతను పలకలతో మూసి, మీద బియ్యం బస్తాలు పెట్టుకున్నారు.

"తప్పు నాది పెద్దయ్యా. ఆ రోజు నేను కాలు చూడాల్సి ఉండె" అన్నాను.

"నీ తప్పేముంది బిడ్డా?" అన్నాడు ఆయన. "చీము కారుతుంటె మా ఇంట్లామె దవాఖానకు పోదాం పా అని మొత్తుకున్నది. సిస్టరమ్మ గా కాలు సంగతి దేవునికి చెప్పింది, ఏం గాదు అని నేనే రాలే."

నన్ను ఓదార్చడానికే అన్నాడు పాపం. ఆ డ్రెస్సింగ్ గదిలో దేవుడు నన్ను పెట్టింది ఆ కాలు చూడ్డానికే అని నాకు అప్పుడు అర్థమైంది. ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్లు ఎవరొచ్చినా రెండు చెప్పులూ విప్పిస్తాను. రెండు పాదాలూ చేతుల్లోకి తీసుకుని వేళ్ల సందులు కూడా చూస్తాను. దేవునికి నేను చేసే సేవ అదేనని ఇప్పుడు నమ్ముతున్నాను. అంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు నర్సింలు కాలు కావలసి వచ్చింది.